దోనె ఇచ్చి గెడ దాస్తే ఎలా?

డ్రైవరంటే మనకి లారీ డ్రైవరు, ట్రాక్టరు డ్రైవరు. కంప్యూటర్లోనూ డ్రైవర్లుంటాయి. వైఫై, ప్రింటరు, స్క్రీను - ఒక్కొక్కదానితో ఎలా పనిచేయించాలో తెలిసిన చిన్న ప్రోగ్రామే డ్రైవరు. అది లేకపోతే కొల్లేట్లో దోనె ఉండీ గెడ లేనట్టే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. మన పిల్లలు ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో సెకండ్ హ్యాండులో కొనుక్కునే పాత లాప్‌టాప్‌లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. కొత్తది కొనే స్తోమత లేదు. డబ్బు కట్టక్కర్లేని లినక్సే దారి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ లినక్స్‌ని 'స్వేచ్ఛ' వాళ్లు తెలుగులోకి కూడా తెచ్చారు. బాగానే ఉంది.

మరి చిక్కెక్కడ? నిరుడు మా పేట కుర్రోడు లినక్స్ ఎక్కించాడు. అన్నీ వచ్చాయి, వైఫై రాలేదు. డ్రైవరు కావాలంటే నెట్టు కావాలి, నెట్టు రావాలంటే డ్రైవరు కావాలి! పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదన్నట్టు. రెండ్రోజులు చూసి "మనకెందుకన్నా ఇది" అని మూసేశాడు.

తప్పు కుర్రోడిదా? గ్రాఫిక్స్ డ్రైవరు ఎంచుకోమని ఉబుంటు చూపించే పట్టీ చూడండి. ఒకే కార్డుకి నాలుగైదు నంబర్లు, పక్కన 'ఓపెన్', 'సర్వర్', 'ప్రొప్రైటరీ'. దేన్ని నొక్కితే ఏమవుద్దో ఎవరు చెప్పాలి? ఇంట్లో ఇంజనీరున్నోడు అడిగి తెలుసుకుంటాడు. ఇంట్లో మొదటిసారి చదువుకున్నోడు ఎవర్ని అడగాలి? అందరిదీ అని బావి తవ్వి, చేద కొందరి చేతుల్లోనే ఉంచితే అది అందరి బావి ఎలా అవుద్ది?

అడిగితే మారదా? మారుద్ది. డెబియన్ వాళ్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమం కోసం కంపెనీల ఫర్మ్‌వేర్‌ని చాలాకాలం అసలు ఇన్‌స్టాలరులో పెట్టలేదు. నియమం గొప్పదే. కానీ కొత్తవాడు గడపలోనే ఆగిపోతున్నాడు. 2022లో ఓటింగు పెట్టుకుని మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది లోపలే వస్తోంది.

కాబట్టి అడుగుదాం. దేనికి డ్రైవరు లేదో, ఏది నొక్కాలో తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పాలి. చెడితే వెనక్కొచ్చే దారి చూపాలి.

అందాకా మనం చెయ్యాల్సింది ఉంది. ఎక్కించకముందే పెన్‌డ్రైవు నుంచి నడిపించి వైఫై, సౌండు చూసుకోండి. వైఫై రాకపోతే ఫోను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. మింట్ అయితే 'డ్రైవర్ మేనేజర్' తెరిచి 'రికమెండెడ్' అని ఉన్నదే నొక్కండి. ఏ మోడలుకి ఏది పనిచేసిందో పేటపేటకీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. ఏలూరులో ఒకడు పడ్డ పాట్లు కైకలూరులో ఇంకోడు పడక్కర్లేదు.

మా కుర్రోడి చేత లాప్‌టాప్ మళ్లీ తెరిపించాం. ఫోను తగిలించాక పది నిమిషాల్లో వైఫై వచ్చింది. రెండ్రోజుల ఏడుపుకి పది నిమిషాల మందు! ఆ ముక్క ముందే తెరమీద రాయడానికి ఏం అడ్డం?