క్రియాటినిన్ పక్కన ఇంకో అంకె వేయించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

కిడ్నీ జబ్బులతో సతమతమవుతున్న ఉద్దానం ప్రాంతం కోసం పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. డయాలసిస్ రోగులకు పింఛను అందుతోంది. అవన్నీ కావలసినవే. నేను అడిగేది పెద్దగా ఖర్చు లేని పని. ప్రభుత్వ ల్యాబ్ ఇచ్చే ప్రతి రిపోర్టులో క్రియాటినిన్ పక్కనే ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఏ మేరకు వడకడుతున్నాయో చెప్పే అంచనా కూడా అచ్చు వేయించండి.

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో క్రియాటినిన్ అంటే తెలియని ఇల్లు ఉండదేమో. కానీ ఆ ఒక్క అంకె మనిషిని బట్టి మాట మారుస్తుంది. జీడి తోటల్లో కూలికి వెళ్లే 55 ఏళ్ల ఆవిడకు 1.1 వచ్చిందనుకోండి. 1.2 దాకా నార్మల్ అని వేసే రిపోర్టులో దానికి ఏ గుర్తూ పడదు. ‘బాగానే ఉందమ్మా’ అని పంపేస్తారు. 2021లో సవరించిన సీకేడీ-ఈపీఐ సూత్రంతో లెక్క కడితే ఆమె ఈజీఎఫ్‌ఆర్ సుమారు 59. అదే 1.1 పాతికేళ్ల కుర్రాడిదైతే 95 దాటుతుంది. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువుంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్కవేస్తారు.

క్రియాటినిన్ కండరాల్లో పుడుతుంది. బక్కపలచని ఒంట్లో పుట్టేదే తక్కువ కాబట్టి, కిడ్నీలు సగం పని మానేసినా రక్తంలో అంకె గీత దాటకపోవచ్చు. పైగా ఉద్దానం జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. స్ట్రిప్ ముంచి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. అందుకే ఇక్కడ రక్త పరీక్ష మీద అంత భారం. మరీ సన్నగా ఉన్నవాళ్లలో ఈజీఎఫ్‌ఆర్ కూడా కాస్త ఎక్కువే చూపిస్తుంది. అనుమానం ఉన్నవాళ్లకు కండరాలతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్-సి పరీక్ష పలాసలోనే ఉచితంగా చేయించండి.

రిపోర్టు మీద పరీక్ష పద్ధతి పేరు కూడా ఉండాలి. చాలా ల్యాబుల్లో నేటికీ 1886 నాటి జాఫే పద్ధతే నడుస్తోంది. పిక్రిక్ ఆమ్లంతో క్రియాటినిన్ కలిసి నారింజ రంగు వస్తుంది, ఆ రంగును కొలుస్తారు. గ్లూకోజు, ప్రొటీన్లు కూడా కొంత రంగు తెస్తాయి. ఎంజైమ్ పద్ధతిలో ఆ బెడద తక్కువ. రోగి ఈ నెల ఊళ్లో, వచ్చే నెల విశాఖలో చూపించుకుంటే పద్ధతి మారినందుకే 1.3 కాస్తా 1.1 కావచ్చు. నాటు మందు పనిచేసిందనుకుని అసలు మందులు మానేస్తే ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

శాంపిళ్ల సంగతీ చూడాలి. శిబిరంలో తీసిన రక్తాన్ని సీరం వేరు చేయకుండా గంటల తరబడి జిల్లా కేంద్రానికి మోస్తే కణాల్లోని పొటాషియం బయటికి వస్తుంది. కణాలు పగిలితే లివర్ పరీక్షల్లో చూసే ఎస్‌జీఓటీ కూడా పెరుగుతుంది. పొటాషియం చూసి డయాలసిస్ నిర్ణయించే చోట ఇది చిన్న తప్పు కాదు. ప్రతి పీహెచ్‌సీలో పనిచేసే సెంట్రిఫ్యూజ్, దాన్ని నడిపే టెక్నీషియన్ ఉండాలి.

ఈజీఎఫ్‌ఆర్‌కు వయసు, ఆడా మగా, క్రియాటినిన్ తెలిస్తే చాలు. ఇవి పాత రిపోర్టుల్లోనూ ఉన్నాయి. ముందు వాటికి లెక్క కట్టించి, 60 లోపు వచ్చినవాళ్లను ఏఎన్‌ఎంల ద్వారా మళ్లీ పరీక్షకు పిలిపించమని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక బయోకెమిస్ట్రీ ల్యాబ్ ఉద్యోగి