అమానత్‌ను బిగబట్టినవాడు దాత కాజాలడు

ఆఫ్ఘనిస్తాన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సమావేశాల్లో రెండు మాటలే వినిపిస్తాయి. ఇరవై ఏళ్లు కోట్లు గుమ్మరించినా బాగుపడని దేశం అదని కొందరంటారు. అంతా అమెరికా చేసిన పాపమేనని మనవాళ్లలో ఎక్కువమంది అంటారు. మొదటి మాట అబద్ధం. రెండవది సగం నిజం. ఈ రెండు మాటల నడుమ అర్ధాకలితో పడుకునే ఆఫ్ఘన్ బిడ్డ ఎవరి లెక్కలోకీ రావడం లేదు. కనుక లెక్క తీయవలసియున్నది.

ముందుగా ఆ గుమ్మరించిన కోట్ల సంగతి చూద్దాం. ఆఫ్ఘన్ పునర్నిర్మాణ వ్యయాన్ని పరిశీలించేందుకు అమెరికా కాంగ్రెస్ 2008లో ఒక ప్రత్యేక తనిఖీ కార్యాలయాన్ని నెలకొల్పింది. దాని లెక్క ప్రకారం 2002 నుండి అమెరికా ఒక్కటే పునర్నిర్మాణం పేరిట కేటాయించినది దాదాపు 14,500 కోట్ల డాలర్లు. అందులో సగానికి మించి సైన్యానికీ పోలీసులకూ పోయింది. ఆ సైన్యం 2021 ఆగస్టులో కొద్ది రోజుల్లోనే కరిగిపోయింది. ఇక పేదవాని సంగతి: 2011-12లో పేదరికంలో ఉన్నవారు నూటికి 38 మంది. 2016-17 నాటికి 55 మంది. సాయం అందుతున్న కాలంలోనే పేదరికం పెరిగింది! 2014లో విదేశీ సేనలు చాలావరకు వెనుదిరగగానే వాటి ఖర్చు మీద ఆధారపడిన ఉపాధి కూలింది. అప్పటిదాకా అభివృద్ధి అని మురిసినదానిలో పెద్ద భాగం యుద్ధం పెట్టిన ఖర్చేనని అప్పుడు తేలింది.

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మార్చి నెలాఖరు అంటే ఏమిటో నాకు తెలుసు. నిధులు మురిగిపోతాయన్న భయంతో 31వ తేదీ రాత్రి వరకు కూర్చుని బిల్లులు పాస్ చేయించేవారం. వినియోగ పత్రం మీద సంతకం పడితే పథకం నెరవేరినట్టే. బావిలో నీరు పడిందా అని ఆ పత్రం అడగదు. ఆఫ్ఘనిస్తాన్‌లో ఇరవై ఏళ్లు జరిగినది అలాంటి మార్చి నెలే. ఎంత త్వరగా ఖర్చు చేశారన్నదే విజయానికి కొలత అయిందని ఆ తనిఖీ కార్యాలయమే పదే పదే ఎత్తిచూపింది. దాదాపు 55 కోట్ల డాలర్లు వెచ్చించి ఇటలీ తయారీ పాత రవాణా విమానాలు కొన్నారు. కాబుల్ విమానాశ్రయంలో ఉన్న పదహారింటిని 2014లో తుక్కు ధరకు అమ్మేశారు. ఉపాధ్యాయుల జీతాలు సైతం పంచే కాబుల్ బ్యాంకు నుండి దాదాపు 90 కోట్ల డాలర్లు బూటకపు రుణాల రూపంలో పెద్దల పాలయ్యాయి. 2010లో ఆ బ్యాంకు కుప్పకూలింది.

అయితే ఆ దేశం బాగుపడదన్నది అబద్ధమని ఎందుకన్నాను? 2003లో ప్రపంచ బ్యాంకు తదితరుల నిధులతో జాతీయ సంఘీభావ కార్యక్రమం అనే పథకం మొదలైంది. గ్రామస్థులు తమ సమితిని తామే ఎన్నుకుంటారు. సొమ్ము నేరుగా ఆ సమితికి వస్తుంది. బావి కావాలా, బాట కావాలా, చిన్న జలవిద్యుత్తు యంత్రం కావాలా అన్నది వారే తేల్చుకుంటారు. ముప్పై వేలకు పైగా గ్రామాల్లో ఇది నడిచింది. తాగునీరు, విద్యుత్తు అందుబాటు మెరుగైందని, స్త్రీలు గ్రామ వ్యవహారాల్లో పాల్గొనడం పెరిగిందని పరిశీలకులు నిర్ధారించారు. అందరి ఆదాయాలూ పెరిగిపోలేదు, నిజమే. కాని లెక్క గ్రామం మధ్యన చెప్పవలసి వచ్చినప్పుడు సొమ్ము నిలిచింది. లోపం ఆఫ్ఘన్ల రక్తంలో లేదు, సొమ్ము నడిచిన దారిలో ఉన్నది.

ఇప్పుడు అసలు అన్యాయానికి వద్దాం. 2021 ఆగస్టు 15న కాబుల్ తాలిబన్ల వశమైంది. అప్పటివరకు ఆ ప్రభుత్వ వ్యయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు విదేశీ గ్రాంట్లే. అవి ఒక్కసారిగా ఆగాయి. ఆసుపత్రులకు, పాఠశాలలకు జీతాలు ఆగాయి. అది సాయం కనుక ఆపే హక్కు దాతకున్నదని వాదించవచ్చు. కాని దానితోపాటు ఆ దేశపు కేంద్ర బ్యాంకు విదేశాల్లో దాచుకున్న నిల్వలు కూడా స్తంభించాయి. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకులోనే దాదాపు 700 కోట్ల డాలర్లున్నాయి. ఇది ఎవరి దానమూ కాదు, ఆఫ్ఘన్ ప్రజల సొత్తు. కాబుల్‌లో కూరగాయల వ్యాపారి తన డిపాజిట్ నుండి వారానికి 200 డాలర్లకు మించి తీసుకోలేని స్థితి దాపురించింది. ఆ ఒక్క సంవత్సరంలోనే దేశ ఆర్థిక వ్యవస్థ ఐదో వంతు మేర కుంచించుకుపోయింది.

2022 ఫిబ్రవరిలో అధ్యక్షుడు బైడెన్ ఆ సొమ్మును రెండుగా చీల్చారు. సగం ఆఫ్ఘన్ ప్రజల మేలుకట. మిగతా సగం సెప్టెంబరు 11 దాడుల బాధితులు వేసిన దావాల నిమిత్తం ఆగింది. ఆ దాడుల్లో ఆప్తులను పోగొట్టుకున్నవారి దుఃఖాన్ని మనం గౌరవిస్తాం. కాని ఆ నేరానికి హెరాత్ నేతగాడు, బామియాన్ బంగాళాదుంప రైతు బాకీదారులు ఎలా అవుతారు? ఆ సొమ్మును జప్తు చేయడం చెల్లదని 2023లో న్యూయార్క్ న్యాయమూర్తి ఒకరు తీర్పునిచ్చారు. మొదటి సగాన్ని 2022 సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లో పెట్టిన నిధికి మళ్లించారు. 2024 చివరి నాటికి అది వడ్డీతో దాదాపు 400 కోట్ల డాలర్లయింది. ఆ దేశ ప్రజల కోసం అప్పటికి దాని నుండి ఒక్క డాలరైనా విడుదల కాలేదు. వడ్డీని హరామ్ అని నమ్మే ప్రజల సొమ్ము వడ్డీతో పెరుగుతుంటే ఆ ప్రజలు రొట్టె కోసం వరుసలో నిలబడ్డారు.

తాలిబన్ల చేతికి ఇస్తే ఆయుధాలకు పోదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ కేంద్ర బ్యాంకు నాయకత్వంలో ఆంక్షల జాబితాలోని వ్యక్తులు ఉండటం కూడా నిజమే. కాని నిల్వలంటే గోనెసంచుల్లో పంపే నోట్లు కావు. నాణెపు విలువ నిలబెట్టేందుకు, దిగుమతులకు చెల్లించేందుకు విడతలవారీగా, స్వతంత్ర తనిఖీ కింద విడుదల చేయవచ్చు. ఒక విడతలో తేడా వస్తే మరుసటి విడత ఆపవచ్చు. షరతు పెట్టడం వేరు, తాళం వేసి చెవి జేబులో పెట్టుకోవడం వేరు. 2025లో అమెరికా తన మానవతా సాయాన్ని కూడా కత్తిరించింది. నూటికి పైగా ఆరోగ్య కేంద్రాలు మూతపడ్డాయి. దానం ఆపేసి, అమానత్‌నూ తిరిగి ఇవ్వనివానిని ఏమని పిలవాలి?

ఇంతవరకు చదివి తలలూపినవారు ఇకపై కూడా చదవాలి. 2022 డిసెంబరులో తాలిబన్లు స్త్రీలను విశ్వవిద్యాలయాల నుండి, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగాల నుండి వెళ్లగొట్టారు. 2024 డిసెంబరులో నర్సు, మంత్రసాని శిక్షణలనూ మూయించారు. పరపురుషుడు ఇంట అడుగుపెట్టరాదంటూనే, ఆ ఇంటికి వెళ్లగలిగిన స్త్రీని ఉద్యోగం నుండి తొలగిస్తే, వితంతువు గడపకు గోధుమ సంచి ఎవరు చేర్చాలి? ప్రసవ వేదనలో ఉన్నదాని దగ్గర ఎవరు కూర్చోవాలి? వర్తకం చేసిన హజ్రత్ ఖదీజా, విద్య బోధించిన హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హుమా) చరిత్రను వల్లించే మనం ఈ జులుమ్‌పై మౌనం వహిస్తే, మన నోట న్యాయమనే మాటకు విలువుండదు. ముస్లిం అనే పేరు చూసి జాలిముని వెనకేసుకు రావడం దీన్ కాదు, అది అసబియ్యత్.

ముస్లిం రాజ్యాల వైఖరి కూడా చూడండి. 2021 డిసెంబరులో ఇస్లామాబాద్‌లో ఇస్లామిక్ సహకార సంస్థ సమావేశమై, ఇస్లామిక్ అభివృద్ధి బ్యాంకు కింద ఆఫ్ఘన్ సహాయ నిధి పెట్టాలని తీర్మానించింది. ఉపన్యాసాలకు కొదవ లేదు. అవసరంతో పోలిస్తే చేరిన సొమ్ము మాత్రం అత్యల్పం. 2023 నుండి పాకిస్తాన్, 2025లో ఇరాన్ లక్షలాది ఆఫ్ఘన్లను సరిహద్దు దాటించి పంపాయి. ఉమ్మత్ అనే మాట వేదిక దిగగానే ఏమైపోతున్నది?

ఇందులో మనకొక పాఠమున్నది. జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది పద్దులు దైవగ్రంథంలోనే నిర్ణయమై ఉన్నాయి. వసూలు చేసే ఉద్యోగికీ అందులో వాటా కలదు. కాని ఆ వాటా ఫకీరుల, మిస్కీనుల హక్కును మింగడానికి కాదు. విదేశీ సాయంలో సలహాదారుల జీతాలను ప్రశ్నించే మనం మన ఊరి జకాత్ లెక్క ఎన్నడైనా అడిగామా? ఒక రంజాన్‌లో మా పేటలో కుట్టుమిషన్లు పంచారు. ఫొటోలు తీశారు. బక్రీదుకు వెళ్లి చూస్తే మూడు ఇళ్లలో మిషన్లు అమ్ముడుపోయి ఉన్నాయి. ఆ స్త్రీలకు కుట్టు రాదు, ఎవరూ అడగలేదు. ఆ పంపిణీ కమిటీలో నేనూ ఉన్నాను.

కనుక సభల్లో తీర్మానాలు చేసే మిత్రులకు నా మనవి. తీర్మానంలో మూడు మాటలూ ఉండాలి. ఆఫ్ఘన్ ప్రజల నిల్వలను తనిఖీతో, విడతలుగా వారి దేశానికి తిరిగి చేర్చాలి. స్త్రీల చదువుపై, పనిపై వేసిన నిషేధాలను తాలిబన్లు ఎత్తివేయాలి. ప్రతి మహల్లాలో జకాత్ జమాఖర్చులను ఏటా మస్జిద్ గోడపై అంటించాలి. మొదటిది మాత్రమే రాసి మిగతావి వదిలేస్తే ఆ కాగితంపై నా సంతకం ఉండదు.