ముద్ర ఎవరి చేతిది?

"రబ్బరు ముద్రలు కళ ఎట్లా అవుతాయండీ?" అని ఒక ఉపాధ్యాయ మిత్రులు నన్ను నిలదీశారు. వేసవి సెలవుల్లో లింగాలలో నలుగురు పిల్లలను కూర్చోబెట్టి, రబ్బరు ముక్కలపై బొమ్మలు చెక్కించిన నేరానికి! వారి అభియోగం ఇది: ఒకే బొమ్మను పదిమార్లు అద్దటం యంత్రం చేసే పని, పిల్లవాడి చేతికి కుంచె ఇవ్వాలి గాని అచ్చు కాదు.

కుంచె వద్దన్నదెవరు? పదవ తరగతి దాకా కళావిద్య ఉండితీరాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమే చెప్పింది. నేనెరిగిన బడుల్లో ఆ గంట కాలపట్టికలో ఉంటుంది. పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాస్టారి పాలవుతుంది. కుంచె పట్టించని వారు అచ్చును తప్పుపట్టటం వింతగా లేదూ?

ఇక యంత్రం మాట. పెడన కలంకారీ అద్దకాన్ని చూడండి. టేకు చెక్కలో తొలిచిన అచ్చులు, రంగుకొక అచ్చు. కరక్కాయ నీటిలో తడిపి ఆరవేసిన బట్ట. ఇనుప తుప్పు, బెల్లం కలిపి ఊరవేసిన ద్రవంతో నలుపు. ఎరుపు రావలసిన చోట అద్దేది పటిక. అప్పటికి అక్కడ ఎరుపు జాడే ఉండదు, ఎర్రరంగు కాగులో ఉడికిన తరువాతనే అది తేలుతుంది. రాబోయే రంగును మనసులో నిలుపుకొని అద్దే చేతిని యంత్రమందామా? ఆ కరక్కాయ మన నల్లమలలోనూ కాస్తుంది. మన పిల్లలు దానిని దగ్గుమందుగానే ఎరుగుదురు.

నేను బెండకాయతో మొదలుపెట్టాను. అడ్డంగా కోసి అద్దితే ఐదు రేకుల పువ్వు. చిన్నవారికి అదే చాలు, బ్లేడు ఇవ్వలేదు. పెద్దవారికి పెన్సిలు రాతలు చెరిపే రబ్బరు. ఒక పాప తన పేరులోని "ల" చెక్కింది. అద్దితే తిరగబడింది! నేను నోరు తెరిచేలోపే ఇంట్లోంచి అద్దం తెచ్చుకొని, అందులో చూస్తూ రెండో రబ్బరుపై గీసుకొంది. తొలిచినది తెల్లగా మిగులుతుందనీ, విడిచినదే సిరా పట్టుతుందనీ కూడా తానే కనిపెట్టింది. బొమ్మను దాని ఖాళీతో సహా చూడటం ఇంతకంటె ఏ పాఠం నేర్పుతుంది?

అంగట్లో దొరికే నవ్వుముఖాల, నక్షత్రాల ముద్రల పెట్టెను మాత్రం నేను సమర్థించను. పరులు చెక్కినదాన్ని అద్దటమే కళ అంటే, అక్కడ మిత్రుల అభియోగమే నిజం.

అసలు నా పట్టుదలకు కారణం వేరు. మా ప్రాంతంలో తరతరాలుగా ముద్ర అంటే కచేరీ. బల్లకు అవతల రబ్బరు ముద్ర, ఇవతల సిరా పూసిన బొటనవేలు. చౌకబియ్యానికి నేటికీ వేలిముద్రే, సిరా పోయిందంతే. ఆ తాతల మనుమరాలు తన ముద్రను తానే చెక్కుకొంటే, అది కళా కాదా అన్న తర్కం నాకు రెండవది.

సాయంత్రానికల్లా ఆ "ల" వాళ్ళ తలుపు నిండా ఉంది. వాళ్ళమ్మ నన్ను తిట్టింది, ఆ తిట్లు న్యాయమే. మిత్రులు మాత్రం ఒక్క శనివారం గంట ఇప్పించండి. రబ్బరు ముక్కలు నేను తెస్తాను.