బండి వెనక కూర్చునేవాళ్ళని అడిగారా?

శివరాత్రి ఇంకా అయిదు రోజులుందనగా మా మేనల్లుడు, వాళ్ళావిడ కాశీబుగ్గలో మా ఇంటికొచ్చారు. వాళ్ళది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. ఈసారి పండక్కి ఇద్దరూ బండి మీద మహేంద్రగిరి వెళ్ళొస్తారట. పాపని అమ్మమ్మ దగ్గర వదిలేస్తారట. “టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి... అక్కణ్నుంచి కొండదారే కదా మామయ్యా. తెల్లారకుండా బయల్దేరతాం” అన్నాడు హుషారుగా.

మహేంద్రగిరి మనకి కొత్తేం కాదు. మబ్బులేని రోజు మందస వైపు నుంచి చూస్తే కనిపించే కొండే. ఉన్నది ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఎత్తు 1,501 మీటర్లు. పైన భీముడు, కుంతి, యుధిష్ఠిరుడి పేర్లతో పాత రాతి గుళ్ళున్నాయి. శివరాత్రికి మన వైపు నుంచీ జనం కదులుతారు. వెళ్ళొద్దని నేనెందుకంటాను? కాకపోతే వాడు బండికి స్టాండు వేస్తుంటే నా చూపు ముందు చక్రం మీద పడింది. హ్యాండిల్ కింద మెరుస్తూ ఉండే రాడ్డు చుట్టూ ఉంగరంలా ఓ నల్లటి జిడ్డు గీత. దాని కింద గొట్టం పొడుగునా నూనె చార. ఆ చార వెళ్ళి వెళ్ళి ఎక్కడ ఆగిందో తెలుసా? డిస్కు బ్రేకు మీద!

“ఎన్నాళ్ళ నుంచిరా ఇది?”

“పదిహేను రోజులవుతోంది. ఏం కాదు మామయ్యా, బండి బాగానే లాగుతోంది. బ్రేకే కాస్త గట్టిగా నొక్కాల్సొస్తోంది.”

ఆ మాట వాడు నవ్వుతూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

బండికి ముందు రెండు కాళ్ళుంటాయి కదా, ఫోర్కు అంటాం. వాటి లోపల స్ప్రింగు ఉంటుందని అందరికీ తెలుసు. నూనె కూడా ఉంటుందని చాలామందికి తెలియదు. మామూలు 100, 125 సీసీ బళ్ళలో ఒక్కో కాలిలో ఉండేది గట్టిగా ఓ టీ గ్లాసుడు. ఆ కాస్త నూనే అసలు పని చేస్తుంది. స్ప్రింగు బరువు మోస్తుంది, అంతే. గోతిలో పడ్డాక అది ఎగరకుండా ఆపేది నూనె. నూనె కారిపోతే స్ప్రింగు పిల్లల ఆటబంతిలా ఎగురుతూనే ఉంటుంది. ఎగిరినప్పుడు టైరు నేల మీద ఆనదు. నేలకి ఆనని టైరుకి ఎంత బ్రేకు వేసి ఏం లాభం? పైగా కారిన నూనె బ్రేకు ప్యాడ్లకి అంటితే ఆ బ్రేకు కూడా జారుతుంది. కొండ దిగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికే వస్తుంది. దిగేటప్పుడు మనల్ని కాపాడాల్సింది ముందు బ్రేకే. మావాడి బండిలో ఆ రెండూ ఒకేసారి పోయి ఉన్నాయి!

ఇంతలో అమ్మాయి టీ పట్టుకొచ్చింది. “వెనక కూర్చుంటే ఎలా ఉంటోందమ్మా?” అని అడిగాను.

“నెల్నాళ్ళ నుంచి చెబుతున్నాను బాబాయ్ గారూ. గోతిలో పడితే నడుం దాకా కొడుతోంది. వింటేగా! నీకు అలవాటు లేదులే అంటారు.”

మావాడు టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

నిజానికి బండి షాకబ్జార్బర్లు పోతున్నాయన్న సంగతి ముందు తెలిసేది నడిపేవాడికి కాదు. అతను రెండు చక్రాల మధ్య కూర్చుంటాడు. గొయ్యి ముందే కనిపిస్తుంది కాబట్టి కాళ్ళ మీద కాస్త లేస్తాడు కూడా. వెనకవాళ్ళు సరిగ్గా వెనక చక్రం నెత్తిన కూర్చుంటారు. వాళ్ళకి కనిపించేది ముందున్నవాడి వీపే. దెబ్బ ఎప్పుడు తగులుతుందో తెలియదు, తగిలినప్పుడు మొత్తం తగులుతుంది. మెకానిక్కు దగ్గరికి వెళ్ళేముందు ఇంట్లో ఆ వెనక సీటు మనిషిని అడిగితే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

వెనక సీటు పట్టుకుని గట్టిగా నొక్కి వదిలాను. బాగున్న బండి ఒక్కసారి పైకొచ్చి ఆగిపోవాలి. ఇది మూడుసార్లు ఊగింది. ఇంకో విచిత్రం. వెనక షాకబ్జార్బర్ల కింద స్ప్రింగు బిగువు మార్చుకోవడానికి మెట్లు ఉంటాయి, చాలా బళ్ళకి అయిదు. ఒక్కరే వెళ్ళినప్పుడు తక్కువలో, ఇద్దరెక్కితే పై మెట్టులో పెట్టుకోవాలి. రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి. దానికి కావలసిన వంకీ పానా చాలా బళ్ళతో వచ్చే టూల్ కిట్‌లోనే ఉంటుంది. మావాడి బండికి కొన్న రోజు ఏ మెట్టులో ఉందో ఈ రోజూ అదే మెట్టు. దాని మీదే ఇద్దరు మనుషులు, సీజన్లో జీడి పిక్కల బస్తా. మన పలాసలో బస్తా అంటే 80 కిలోలని వేరే చెప్పాలా? మనిషైతే గోతి దగ్గర కాస్త సర్దుకుని కూర్చుంటాడు. బస్తా సర్దుకోదు!

మర్నాడు పొద్దున్నే బండిని తెలిసిన మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాం. రెండు నెలల క్రితమే ఇంకో చోట సీళ్ళు మార్పించాడట మావాడు. అయినా మళ్ళీ కారుతోందంటే సీలు మీద తప్పు లేదన్నమాట. మెకానిక్కు రాడ్డుని గుడ్డతో తుడిచి, గోరుతో మెల్లగా గీసి చూశాడు. “చెయ్యి పెట్టి చూడండి బాబూ” అన్నాడు. గోటికి ఆవగింజల్లా తగిలాయి, తుప్పు గుంటలు. సముద్రపు గాలికి మెరుగు లేచిపోయింది. బండి పైకీ కిందికీ ఆడిన ప్రతిసారీ ఆ గుంటలు సీలు అంచుని ఆకురాయిలా కోస్తున్నాయి.

“సీలు మార్చితే ఏటవుద్ది? నెల్లాళ్ళకి మళ్ళీ ఇదే కత. రాడ్డులే మార్చాల” అన్నాడు. మాకు ఉప్పుగాలి ఒక్కటే కాదు, ఉద్దానం ఇసక కూడా ఉంది. వాటర్ సర్వీసింగులో కుర్రాళ్ళు పైపు నేరుగా ఫోర్కు మీద పెట్టి కొడతారు. అక్కడ చేరిన ఇసక ఆ ఒత్తిడికి రబ్బరు టోపీ లోపలికే పోతుంది. అక్కడ మెత్తటి గుడ్డతో తుడుచుకోవడమే నయం. తీరంలో ఉండేవాళ్ళు వారానికోసారైనా ఆ రాడ్డుని తుడవాలి. అదేమంత పెద్ద పని కాదు.

రాడ్డు వంగి ఉంటే ఇంకో సంగతి. హ్యాండిల్ ఒక పక్కకి లాగుతున్నా, బ్రేకు వేసినప్పుడు ఫోర్కు దిగి మళ్ళీ లేవడానికి మొరాయిస్తున్నా అనుమానించాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గుర్తుందిగా? కూలిన కొబ్బరిచెట్ల కింద నలిగిన బళ్ళని సాగదీసి నడిపినవాళ్ళు లేకపోలేదు. పాత బండి కొనేటప్పుడు రంగు కాదు, ఈ రాడ్డులు చూడండి. లేత్ షాపులో ప్రెస్ కింద పెట్టి వంపు తీస్తారు, నిజమే. ఊళ్ళో తిరగడానికి సరిపెట్టుకుంటారేమో గానీ, ఘాట్ రోడ్డుకి అలాంటి రాడ్డుతో వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఒకసారి వంగిన ఇనుము మళ్ళీ ఎప్పుడు వంగుతుందో ఎవరు చెప్పగలరు?

సరే, రాడ్డులు పలాసలో దొరకలేదు. శ్రీకాకుళం నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించాలన్నారు. రెండు వైపులా కొత్త సీళ్ళు, ఫోర్కు నూనె, బ్రేకు ప్యాడ్లు, వెనక షాకబ్జార్బర్లు జత. ఒకటే కారుతోంది కదా, ఒకటే మారిస్తే పోలేదా అన్నాడు మావాడు. రెండు కాళ్ళలో ఒకటి కొత్తది, ఒకటి పాతదైతే కుంటి నడక కాదూ? నూనె తడిసిన ప్యాడ్లని గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వేసేద్దామని కూడా అన్నాడు. ప్యాడు నూనెని పీల్చుకుంటుంది. పైపైన రుద్దితే పోదు, వేడెక్కినప్పుడు మళ్ళీ బయటికొస్తుంది. డిస్కుని బ్రేక్ క్లీనర్‌తో తుడిచి కొత్త ప్యాడ్లు వెయ్యడమే దారి. ఇక నూనె ఎంత పొయ్యాలో, ఏ రకమో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. మిగిలిందని ఇంజను నూనె పొయ్యనివ్వకండి. ఎక్కువైతే మంచిదే కదా అని అదనంగా పోసినా ఆ ఒత్తిడికి కొత్త సీలు కూడా తన్నేస్తుంది.

పార్సిలు వచ్చేసరికి శివరాత్రి ముందు రోజు సాయంత్రం అయింది. బిగించడం పూర్తయ్యేసరికి రాత్రి తొమ్మిది. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ మీద బరువేసి నొక్కి చూశాం. మెత్తగా దిగి మెత్తగా లేచింది. ముందు చక్రం గాల్లోకి లేపి ఫోర్కుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్కు టక్కుమనలేదు, అంటే కోన్‌సెట్ బాగానే ఉంది. మావాడి మొహం వెలిగిపోయింది. “అయితే నాలుగింటికి బయల్దేరిపోవచ్చు!”

మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపాడు. “రేపు కొండకి వద్దు బాబూ. కొత్త ప్యాడ్లు డిస్కుకి అలవాటు పడాల. యాభై, వంద కిలోమీటర్లు మట్టం దారిలో తిప్పండి. ఆపైన బోల్టులన్నీ నా దగ్గరికి తెచ్చి ఒకసారి బిగించుకెళ్ళండి.”

మావాడికి కోపం వచ్చింది. ఇంత డబ్బు పెట్టి, ఇన్ని రోజులు ఆగి, పండగ పూట బండి ఇంట్లో పెట్టుకోవాలా? వాడి బాధ నాకు అర్థమైంది. నేను కూడా ఆ వయసులో వినేవాణ్ని కాదేమో. ఫోనులో అమ్మాయే తేల్చేసింది. వాళ్ళ ఊరి నుంచి జీపొకటి వెళుతోందట, రెండు సీట్లు అడుగుతానంది. జీపులో వెనక వరసలో ఇరుక్కుని వెళ్ళొచ్చారు పాపం.

తర్వాతి ఆదివారం ఇద్దరూ బారువ బీచికి వెళ్ళి, తిరుగు దారిలో మెకానిక్కు దగ్గర ఆగి బోల్టులు బిగించుకున్నారు. ఒకటి అర చుట్టు తిరిగిందట. మరో రెండు వారాలకి బండి మీదే మహేంద్రగిరి వెళ్ళారు. వెనక స్ప్రింగులు నాలుగో మెట్టులో, టైర్లలో గాలి ఇద్దరికి సరిపడా. సాయంత్రం అమ్మాయి ఫోను చేసింది.

“నడుం ఎలా ఉందమ్మా?” అన్నాను.

“నడుం బాగుంది బాబాయ్ గారూ. దిగేటప్పుడు మాత్రం ఆయన మూడు చోట్ల బండి ఆపి నా చున్నీతో ఆ రాడ్డు తుడిచి చూసుకున్నారు. చున్నీ పనికి రాదిక” అంది నవ్వుతూ.

“నూనె అంటిందా?”

“లేదు, దుమ్మే.”