ఉపపత్తి లేని గణితము

ఇంటర్మీడియట్ తరగతులలో బీజగణితమును, త్రికోణమితిని బోధించుచున్నారని లోకము నమ్ముచున్నది. ఈ నమ్మకమును మేము అంగీకరింపజాలము. అచ్చట జరుగుచున్నది బోధనము కాదు, వల్లెవేయించుట. పదునారేండ్ల పిల్లలు వేకువజామున లేచి, గోడకంటించిన కాగితము మీది సూత్రములను పెదవులు కదల్చుచు చదువుదురు. రాత్రి నిద్రపోవుటకు ముందు మరల చదువుదురు. ఆ సూత్రమెట్లు పుట్టినదో, ఏల నిజమో, ఎచ్చట నిజము కాదో వారికి చెప్పువారు అరుదు. అడిగినచో "ముందు నేర్చుకొనుము, అర్థము పిదప తెలియును" అని సమాధానము వచ్చును. ఆ పిదప యనునది మాత్రము రాదు. పరీక్ష వచ్చును, ఫలితము వచ్చును, దాని వెంట మరపు వచ్చును.

మేమును ఉపాధ్యాయవృత్తియందున్న వారమే. కావున తోడి ఉపాధ్యాయులను నిందించుట మా యుద్దేశము కాదు. వారి చేతులను కట్టివేసిన పద్ధతిని, ఆ పద్ధతిని డబ్బిచ్చి పోషించుచున్న మన గృహములను ప్రశ్నించుటయే మా యుద్దేశము.

మొదట ఒక చిన్న యుదాహరణము. రెండు సంఖ్యలను కూడి వర్గము చేసిన నేమగునని అడుగుడు. తరగతిలో పలువురు వేర్వేరు వర్గములను కూడిన చాలునని వ్రాయుదురు. పండితుడు కోపించి, "రెండు రెట్ల లబ్ధమును మరచితివి" అని మందలించును. పిల్లవాడు ఆ లబ్ధమును గూడ వల్లెవేయును. ఇందు ఎవరికి ఏమి తెలిసినది? 10, 3 కూడిన 13. 13 వర్గము 169. కాని 10 వర్గము 100, 3 వర్గము 9. రెండును కలిసి 109 మాత్రమే. తక్కిన 60 ఎక్కడికి పోయినది? పదుమూడు గజముల చదరపు పెరటిని కాగితముమీద గీసి, రెండు వైపులను పది గజములకడ గీతలు లాగుడు. ఒక పెద్ద చదరము, మూలన ఒక చిన్న చదరము, వానికి తోడు పదింటికి మూడు చొప్పున రెండు పట్టెలు కనబడును. ఆ పట్టెల వైశాల్యమే మనము పోగొట్టుకొన్న 60. దీనిని కన్నులార చూచినవాడు మరి యెన్నడును ఆ తప్పు చేయడు.

వర్గసమీకరణమునకు దీనినే ఒక్క యడుగు ముందునకు నడిపిన చాలును. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు నగరమందు పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ గ్రంథనామములోని ఒక అరబ్బీ పదమునుండియే 'ఆల్జీబ్రా' యను పేరు వచ్చినది. ఆయన చెప్పిన లెక్క యిది: ఒక రాశి వర్గమునకు ఆ రాశికి పది రెట్లు కూడిన 39 అగును, ఆ రాశి యెంత? రాశిని భుజముగాగల చదరమును గీసి, రెండు ప్రక్కల ఐదేసి వెడల్పుగల పట్టెలను అంటించుడు. మూలన ఒక చదరము వెలితిగా నిలుచును. ఆ వెలితి 25. దానిని పూరించినచో మొత్తము 64, భుజము 8, అందుండి 5 తీసివేసిన 3. మన శ్రీధరాచార్యుని పద్ధతియు వర్గపూరణమే. మన పిల్లలు వల్లెవేయు ఆ పొడవైన సూత్రమున, వర్గమూల చిహ్నము క్రింద నున్నదంతయు ఈ మూలనున్న వెలితి కథయే. చిత్రమును చూపుటకు పదినిమిషములు పట్టును. ఆ పదినిమిషములు మనకు లేవట!

త్రికోణమితి స్థితి యింకను హాస్యాస్పదము. ఏ పాదమున ఏది ధనమో, ఏది ఋణమో గుర్తుంచుకొనుటకు మన పిల్లలకు నేర్పుచున్న మంత్రము 'ఆల్ సిల్వర్ టీ కప్స్' అనునది. మొదటి పాదమున అన్నియు, రెండవదానియందు సైన్, మూడవదానియందు టాన్, నాలుగవదానియందు కాస్ ధనములని దాని భావము. వెండి తేనీటి గిన్నెలకును త్రికోణమునకును సంబంధమేమి? ఒకటి వ్యాసార్ధముగా వృత్తమును గీసి, కేంద్రమునుండి తిరుగు గీతయొక్క కొన ఎచ్చట నున్నదో చూడుడు. ఆ కొన ఎంత ఎత్తున నున్నదో అదియే సైన్. ఎంత ప్రక్కకు నున్నదో అదియే కాస్. మొదటిదానిని రెండవదానితో భాగించిన వచ్చునది టాన్. కొన క్రిందికి దిగిన సైన్ ఋణము, ఎడమకు పోయిన కాస్ ఋణము. మూడవ పాదమున రెండును ఋణములు గనుక భాగఫలము ధనము. ఈ మూడు వాక్యములు తెలిసినవానికి గిన్నెలతో పనిలేదు.

రెండు కోణముల మొత్తమునకు సైన్ కనుగొనుమనిన, ఆ కోణముల సైనులను కూడి వ్రాయు పిల్లలు కొల్లలు. 30 డిగ్రీల సైన్ 0.5; 60 డిగ్రీల సైన్ సుమారు 0.866; కూడిన 1.366. కాని 30, 60 కలిసి 90. దాని సైన్ 1. వృత్త వ్యాసార్ధమే ఒకటియైనపుడు ఎత్తు ఒకటికి మించుట యెట్లు? ఎత్తు అను మాట తెలిసిన పిల్లవాడు తన తప్పును తానే పట్టుకొనును. తెలియనివాడు పుస్తకము చివరనున్న జవాబును చూచి, తనకు లెక్కలు రావని తలవంచుకొనును. ఇదియే మా ఫిర్యాదు. బుద్ధిగల పిల్లలు పదునారవ యేట తాము మందబుద్ధులమని నిశ్చయించుకొనుచున్నారు. అందును ఆడపిల్లల మాట చెప్పనక్కరలేదు. "దానికి లెక్కల బుఱ్ఱ లేదు" అని ఇంటివారే తీర్పు చెప్పి, వేరొక శాఖకు పంపివేయుదురు. లేనిది బుఱ్ఱ కాదు; కారణము చెప్పిన నోరు.

ఇట్లనగానే ప్రతిపక్షులు నాలుగు వాదములతో లేతురు.

మొదటి వాదము పరీక్ష. ఇంజనీరింగు ప్రవేశపరీక్షయందు చాలకాలముగా 160 ప్రశ్నలకు 180 నిమిషములు. ప్రశ్నకు నిమిషమున్నర యైనను లేదు. ఉపపత్తులను తలచుకొనుచు కూర్చుండుటకు వ్యవధి యేదని వారు అడుగుదురు. పరీక్షాగృహమున ఉపపత్తిని తలచుకొమ్మని మేము చెప్పలేదు. అభ్యాసము వలయును, ధారణయు వలయును; అమరకోశమును వల్లెవేసి పెరిగినవారము ధారణను తూలనాడము. కాని సంస్కృతవిద్యయందు సూత్రమునకు వృత్తి, వృత్తికి భాష్యము ఉండెను. అర్థమెఱుగక వేదమును మోయువానిని యాస్కుడు బరువు మోయు మోడుతో పోల్చెను. గణితమున లాభము మరింత స్పష్టము. రెండు కోణముల మొత్తమునకు సైన్, కాస్ సూత్రములు రెండింటిని ఉపపత్తితో నేర్చినవాడు, రెండవ కోణమును ఋణముగా మార్చి భేదసూత్రములను, రెండు కోణములను సమానము చేసి ద్విగుణకోణ సూత్రములను, ఒకదానితో మరొకటి కూడి, తీసివేసి పరివర్తన సూత్రములను తానే రాబట్టును. వాడు మోయునవి రెండు, వల్లెవేయువాడు మోయునవి నలుబది. పరీక్షనాడు ఎవని మూట తేలికయో చదువరులే నిర్ణయింపవచ్చును.

తెలుగునాట చాలయేండ్లు సాగిన 75 మార్కుల గణితపత్రములను చూడుడు. రెండు మార్కుల ప్రశ్నలు, నాలుగు మార్కుల ప్రశ్నలు, ఏడు మార్కుల ప్రశ్నలు. ఏ పాఠమునుండి ఏ ప్రశ్న రాగలదో ముందుగనే తెలియును. తెలిసినదానిని అచ్చుగ్రుద్దినట్లు ఒప్పగించుటయే ప్రతిభగా చెల్లినది. ఉపపత్తి యడిగిన ప్రశ్నకు గూడ ఉపపత్తినే బట్టీపట్టి వ్రాసిరి! రోగము ఇంతవరకు ముదిరినది.

రెండవ వాదము శ్రీనివాస రామానుజన్ పేరు. కార్ అను నాతడు కూర్చిన సంగ్రహగ్రంథము, వేలకొలది సిద్ధాంతములు గలది, ఉపపత్తులు చాలవరకు లేనిది, 1903లో రామానుజన్ చేతికి వచ్చెను. దానివలననే ఆయన మహాగణితజ్ఞుడయ్యెను, కావున సూత్రముల పట్టికయే చాలునందురు. ఆ పట్టికను రామానుజన్ వల్లెవేయలేదు. పలకమీద ఒక్కొక్కదానిని తాను స్వయముగా సాధించి చూచెను. ఇతరులు ఉపపత్తి ఇయ్యకపోయిన తానే వెదకుకొనిన వానిని, ఉపపత్తి వలదను వారు సాక్షిగా పిలుచుట వింతగా నున్నది.

మూడవవారు దేశాభిమానులు. "సైన్ మనది, బీజగణితము మనది, అంతయు మన శాస్త్రములలోనే యున్నది" అని వీరు సభలలో ఘోషింతురు. ఇందు సత్యము లేకపోలేదు. 499 ప్రాంతమున ఆర్యభటుడు వ్యాసార్ధమును 3438గా గైకొని అర్ధజ్యల నిచ్చెను. ఋణరాశులకును శూన్యమునకును 628లో బ్రహ్మగుప్తుడు నియమములు చెప్పెను. కాని సైన్ అను మాట కథను పూర్తిగా వినుడు. వృత్తఖండము విల్లు, దాని కొనలను కలుపు గీత జ్య, అనగా వింటినారి. అరబ్బులు ఆ మాటను ధ్వనినిబట్టి 'జీబ' యని వ్రాసికొనిరి. ఆ లిపిలో అచ్చులు సాధారణముగా వ్రాయరు గనుక, తరువాతివారు దానిని తమకు తెలిసిన 'జైబ్' అను మాటగా చదివిరి. జైబ్ అనగా వస్త్రపు ఒడి, మడత. పండ్రెండవ శతాబ్దమున లాటిను అనువాదకులు ఆ మడతనే 'సైనస్' అని తమ భాషలోనికి మార్చిరి. మనము చొక్కాకు కుట్టించుకొను జేబు ఆ అరబ్బీ పదమే. అర్థము విడిచి అక్షరములను మాత్రము మోసినందున వింటినారి జేబైనది! అదృష్టవశమున ఆ గణకులు పేరును పొరబడిరి గాని కారణమును విడువలేదు. కావున శాస్త్రము బ్రదికినది. మనము పేరు మాదని చెప్పుకొనుచు కారణమును విడిచితిమి.

ఉపపత్తి యెఱుగని గణకునకు విద్వత్సభలలో గౌరవముండదని సిద్ధాంతశిరోమణియందు భాస్కరాచార్యుడు స్పష్టముగా చెప్పెను. కేరళమున జ్యేష్ఠదేవుడు పదునారవ శతాబ్దమున యుక్తిభాషను రచించెను. జ్యలకును వృత్తపరిధికిని సంబంధించిన గహనమైన ఫలితములను ఉపపత్తులతో మలయాళ వచనమున, తన ప్రజల మాటలో వివరించెను. మన భాషకును అట్టి శక్తి లేకపోలేదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన యేనాడో తెలుగు పద్యములలోనికి తెచ్చెను. పరీక్షపత్రము ఇంగ్లీషున నుండిన నుండనిండు. కారణమును తెలుగున చెప్పుటకు అడ్డమేమి? ఇంగ్లీషు మాటలతో తెలియని సూత్రమును వల్లెవేయు పిల్లకు రెండు గోడలు. ఒకదానినైనను మనము కూల్చవచ్చును.

నాలుగవ వాదము గృహస్థులది: "ఇంజనీరు కానివారికి ఇదంతయు ఏల?" ప్రయోజనము చూపుటకు ఒక్క దృష్టాంతము చాలును. 1802లో మద్రాసు చెంత సెయింట్ థామస్ మౌంటుకడ ఒక ఆధారరేఖను కొలిచి ఆరంభించిన త్రికోణమితి సర్వే, త్రిభుజము వెంట త్రిభుజముగా హిమాలయముల పాదము వరకు సాగినది. నూరుమైళ్లకు పైబడిన దూరమున మైదానమందు నిలిచి కోణములను కొలిచిరి. రాధానాథ్ సిక్‌దార్ మున్నగు గణకులు లెక్కలు కట్టిరి. పదునైదవ సంఖ్య శిఖరము ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించిరి. దానినే నేడు ఎవరెస్టు అందురు. 1953లో గాని మనుష్యుడు దాని కొనకు చేరి తిరిగివచ్చినట్లు నిశ్చయము లేదు. 2020లో నేపాళ, చైనా దేశములు ఆధునిక సాధనములతో ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు; పాత లెక్కకును దీనికిని భేదము సుమారు 9 మీటర్లు. సూత్రము ఒక్కటే యెఱిగినవాడు భూమి బల్లపరుపుగా నున్నదనియు, చూపు తిన్నగా పోవుననియు తలచి లెక్కించియుండును. వారు భూమి వంపునకు, గాలిలో కాంతి వంగుటకు సవరణలు చేసిరి. సూత్రము ఎచ్చటివరకు చెల్లునో ఎఱుగుటయే విద్య.

అయినను ప్రయోజనమొక్కటే మా వాదము కాదు. 1881లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు వితంతువివాహము చేయించినపుడు, ఆచారము ఇట్లేల ఉండవలెనను ప్రశ్నయే ఆయన యాయుధము. ఆ ప్రశ్నకు వారసులమని మనము చెప్పుకొందుము. అట్టి యిండ్లలోనే పిల్ల పుస్తకము చేతబట్టి "ఇది యేల?" అనిన, "అడుగకు, నేర్చుకొనుము" అనుచున్నాము. పెద్దలు చెప్పినది కావున నిజమని పదునారేండ్లు లెక్కలలో నమ్మినవాడు, ఇరువదియవ యేట సంఘమున మాత్రము ప్రశ్నించునా?

చేయవలసినది దుస్సాధ్యము కాదు. పరీక్షపత్రము వెంట సూత్రముల పట్టికను అచ్చువేసి యిచ్చి, వాని కారణములను, హద్దులను, కొత్త రూపమున అడుగవలెను. తరగతిలో ప్రతి సూత్రమునకును ఒక చిత్రమో, ఒక ఉపపత్తియో తెలుగు మాటలతో చెప్పవలెను. ఇంట తల్లియో తండ్రియో, గణితము రాకపోయినను సరే, దినమునకొకసారి "ఇది యేల నిజమో నాకు తెలియజెప్పుము" అని పిల్లను అడుగవలెను. చెప్పబోయి చెప్పలేకపోయిన చోట తనకేమి తెలియదో పిల్లకే తెలిసివచ్చును.

మరియొక మాట. పిల్లలను చేర్చుటకై కళాశాలకు పోయినపుడు రుసుమెంత, ర్యాంకులెన్ని అని అడిగి ఊరకొనకుడు. రెండు కోణముల మొత్తమునకు సైన్ సూత్రమును నల్లబల్లమీద ఉపపత్తితో చెప్పుదురా యని అడుగుడు. చెప్పుటకు తీరిక లేదనువారికి మన పిల్లలను, మన ద్రవ్యమును ఒప్పగించుట మానవలెను.