‘నేనెవరో చెప్పు చూద్దాం’ అని అడగవద్దు

సాయంత్రం నాలుగు గంటలకు విజిటర్లను లోపలికి వదలగానే మా మెడికల్ వార్డులో తరచుగా ఒక మాట వినబడుతుంది. మంచం మీద మతిమరుపు వచ్చిన పెద్దావిడ ఉంటుంది. పళ్లు, బిస్కట్లు పట్టుకుని బంధువులు వస్తారు. స్టూలు మీద కూర్చోకముందే, “అత్తా, నేనెవరో చెప్పు చూద్దాం” అంటారు. ఆమె ముఖంలోకి చూస్తుంది, నవ్వుతుంది, చెప్పలేకపోతుంది. “చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకు తిరిగావే, నన్నే మరచిపోయావా?” అని నొచ్చుకుని, ఇంకొకరిని ముందుకు నెడతారు. “పోనీ, వీడెవడు?” వాళ్లు వెళ్లిపోయాక ఆ పెద్దావిడ అన్నం ముట్టదు. ఏమైందని మేము అడిగితే చెప్పలేదు. ఏదో తప్పు చేశానన్న బాధ మాత్రం ముఖంలో కనిపిస్తూ ఉంటుంది.

వచ్చినవారిది ప్రేమే, మాకు తెలుసు. అయినా ఈ ప్రశ్న మానమని ఈ పేజీ ద్వారా అందరినీ వేడుకుంటున్నాము. కాలు విరిగినవారిని “ఏదీ, ఒకసారి నడిచి చూపించు” అని మనం అడగం కదా.

ఎందుకు అడగకూడదో తెలియాలంటే మెదడులో జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. చూసినదాన్ని, విన్నదాన్ని మెదడు మొదట గ్రహించాలి, తరువాత నిలవ చేసుకోవాలి, అవసరమైనప్పుడు పైకి తీయాలి. ఈ మూడింటిలో ఏది దెబ్బతిన్నా మన కంటికి కనిపించేది మతిమరుపే. కొత్త సంగతులను నిలవ చేయడంలో ముఖ్యమైన భాగం పేరు హిప్పోకాంపస్. చెవుల దగ్గర, మెదడు లోపలి వైపున కుడికొకటి, ఎడమకొకటి ఉంటాయి. సముద్రపు గుర్రం అనే చేప ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

దీని విలువ ఒక మనిషి వల్ల లోకానికి తెలిసింది. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు మూర్ఛలు తగ్గడానికి 1953లో, 27 ఏళ్ల వయసులో ఆపరేషన్ చేసి రెండు వైపులా ఈ భాగాన్ని చాలావరకు తీసివేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తరువాత 2008లో చనిపోయేవరకు ఆయన కొత్త సంగతులను గుర్తుంచుకోలేకపోయారు. ఆయనను ఏళ్ల తరబడి పరీక్షించిన బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఒక విచిత్రం గమనించారు. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయమంటే, రోజురోజుకీ ఆయన చెయ్యి బాగా కుదిరింది. అయితే అంతకుముందు ఆ పని చేసినట్టే ఆయనకు గుర్తులేదు. అంటే చేతి పనుల జ్ఞాపకం మెదడులో వేరే చోట ఉంటుందన్నమాట. అందుకే కొడుకు పేరు చెప్పలేని తల్లి మునగాకు దూయగలదు, మనవరాలికి జడ వేయగలదు, చిన్ననాటి పాటను మొదలుపెట్టి ఇస్తే చివరి చరణం దాకా పాడగలదు.

డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ వ్యాధి సాధారణంగా ఈ హిప్పోకాంపస్ పరిసరాలనే ముందుగా పాడుచేస్తుంది. కనుక నిన్నటి సంగతి ముందు పోతుంది, యాభై ఏళ్ల కిందటిది చాలాకాలం నిలుస్తుంది. మనవడి పేరు మరచి పుట్టింటి బావి సంగతి చెబుతుంటే, “కావలసినవి మాత్రం బాగా గుర్తుంటాయి” అని ఎత్తిపొడుస్తారు. అది ఆమె ఎంచుకున్నది కాదు, జబ్బు నడిచే దారి అది.

ఇంకొకటి. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంవారు అల్జీమర్స్ రోగులకు విషాదకరమైన సినిమా ముక్కలు చూపించారు. ఏమి చూశారో మరచిపోయాక కూడా వారిలో ఆ దిగులు మిగిలే ఉంది. సంగతి చెరిగిపోయినా మనసుకు తగిలిన దెబ్బ అంత త్వరగా పోదు. సంతోషం విషయంలోనూ ఇంతే.

ఇక్కడ మా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాయన వార్డులో ఉండేవారు. “మా ఇంటిది ఇంకా రాలేదా?” అని అడిగేవారు. ఆమె పోయి అప్పటికి మూడేళ్లు. ఉదయం డ్యూటీలోని అమ్మాయి ఉన్న నిజం చెప్పేసింది. ఆయన ఆ క్షణమే కబురు తెలిసినట్టు ఏడ్చారు. మధ్యాహ్నం డ్యూటీవాళ్లూ చెప్పారు, రాత్రివాళ్లూ చెప్పారు. ఒక్క రోజులో ఆయనకు మూడుసార్లు భార్య పోయింది. ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా మాలో ఎవరమూ దీని గురించి డ్యూటీ అప్పగించే పుస్తకంలో ఒక్క ముక్క రాయలేదు. మర్నాడు రాశాము: “భార్య గురించి అడిగితే, ఆమె వంట గురించి చెప్పమనండి.” అప్పటి నుంచి ఆయన ఆమె పెట్టే చేపల పులుసు గురించి చెప్పుకుంటూ నిద్రపోయేవారు.

ఇది విని సంఘ పెద్ద ఒకరు, “అది అబద్ధమాడటం కాదా, సిస్టరుగారూ?” అని అడిగారు. మంచి ప్రశ్నే. “రేపు వస్తుందిలెండి” అని మేము చెప్పము, అది అబద్ధమే. కానీ ఆయన అడుగుతున్నది మరణ వార్త కాదు. “నేను ఒంటరినయ్యాను, నా మనిషి కావాలి” అంటున్నారు. దానికి జవాబు ఆయన పక్కన కూర్చోవడం, ఆమె గురించి వినడం. తెలిసిన నిజాన్ని పూటపూటకూ గుచ్చి చెప్పడమే సత్యవర్తన అని మేము అనుకోవడం లేదు.

అలాగని మతిమరుపును చూసీ చూడనట్టు వదిలేయమనడం లేదు. “వయసు మీద పడింది, చాదస్తం” అని ఇంట్లోనే ఉంచేయడం మనం చేస్తున్న రెండో పొరపాటు. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం ఎవరికైనా ఉంటుంది. తెలిసిన వీధిలో దారి తప్పడం, అడిగిందే పది నిమిషాలకొకసారి అడగడం, ఎన్నేళ్లుగానో వండే కూర తడబడటం మాత్రం డాక్టరుకు చూపించవలసినవి. థైరాయిడ్ తక్కువ కావడం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత, మద్యం, కొన్ని రకాల నిద్రమాత్రలు, కిందపడిన కొన్ని వారాలకు తల లోపల రక్తం చేరడం, వీటివల్ల కూడా మతిమరుపు వస్తుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి మాట మారిపోతే అది డిమెన్షియా అనుకుని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, పక్షవాతం వంటివి కావచ్చు. వెంటనే తీసుకురండి, దెయ్యమో గాలో అని తాయెత్తుల చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకోవద్దు.

అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. కొన్ని మందులు కొంతకాలం లక్షణాలకు సాయపడతాయి. అయితే బీపీ, షుగరు అదుపులో ఉంచుకోవడం, పొగ మానడం, వినికిడి తగ్గితే చెవి మిషను పెట్టుకోవడం, నలుగురితో కలవడం వల్ల ముప్పు తగ్గుతుంది. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాల్లో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువురాని వారిలో కూడా ఆ తేడా కనిపించింది.

చివరగా ఒక మాట. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వారిని చూసుకునేది చాలా ఇళ్లలో ఒక్క కోడలో, ఒక్క కూతురో. ఆమెకు రాత్రి నిద్ర ఉండదు, చుట్టాల పెళ్లికి వెళ్లే వీలుండదు. ఆదివారం ఆరాధన అయ్యాక పదిమంది కలిసి వెళ్లి పరామర్శించడం కంటే, వారం మధ్యలో ఒక్కరు వెళ్లి, “నేను రెండు గంటలు కూర్చుంటాను, నువ్వు కాస్త పడుకో అమ్మా” అనడం మేలని మా అభిప్రాయం. స్త్రీల సమాజంవారు పేర్లు రాసుకుని వంతులు వేసుకుంటే, పెద్దవారికి అన్నం తినిపించడం, పక్క మార్చడం నేర్పడానికి మా నర్సులు సిద్ధంగా ఉన్నారు.

ఈసారి చూడటానికి వెళ్లినప్పుడు చెయ్యి పట్టుకుని మీరే ముందుగా చెప్పండి: “అత్తా, నేను నీ తమ్ముడి కూతుర్ని, ఏలూరు నుంచి వచ్చాను.” అప్పుడు ఆమె వెతుక్కోనక్కరలేదు. మీ పేరు ఆమె మరచిపోయినా, ఆమె పేరు మీకు గుర్తుంది కదా. ఇకమీదట ఆ గుర్తుంచుకునే పని మనదే.