చిల్లర సరకు లారీలు – విరిగిన బండలు



తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతములలో ఇల్లు కట్టుకొనువారికి సంబంధించిన ఒక చిన్న విషయమును మీ పత్రిక ద్వారా నలుగురి దృష్టికి తేదలచినాను. విషయము చిన్నదే. కాని దానివలన నష్టపడినవాడను గనుక వ్రాయుచున్నాను.

మా పాత ఇంటి వంటగది కూలిపోవు స్థితికి రాగా నిరుడు దానిని తిరిగి కట్టించితిని. అలమరలకు, వంటగట్టునకు కడప బండలే వేయించవలెనని ఇంటివారి పట్టుదల. మా తాతగారు వేయించిన బండలు నేటికిని చెక్కుచెదరకుండ ఉన్నవి మరి. ఎఱ్ఱగుంట్లలో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల బండలు 18 కొంటిని. ముప్పాతిక అంగుళము మందము గల అట్టి బండ ఒక్కొక్కటి సుమారు 60 కిలోలు తూగును. అన్నియు కలిసి టన్నుకు కొంచెము పైగా అయినవి. టన్ను సరకు కొరకు లారీ నంతటిని బాడుగకు మాట్లాడుట నా బోటి పింఛనుదారునకు సాధ్యము కాదు. అందుచేత పదిమంది సరకు కలిపి ఎక్కించెడి లారీలో, వాడుకలో పార్టు లోడు అందురే, ఆ విధముగా పంపించితిని.

కడప నుండి రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు, నగరి మీదుగా చెన్నై పోవు 716వ నెంబరు జాతీయ రహదారి మా తిరుత్తణి మీదుగానే పోవును. నా బండలు మా ఊరు దాటి, తిరువళ్ళూరు దాటి, చెన్నై శివారున ఒక గిడ్డంగిలో దిగినవి. రెండు దినములు అక్కడ ఉండి, వేరొక లారీలో తిరువళ్ళూరునకు వచ్చి, మరల దిగి, చిన్న వ్యానులో సుమారు 40 కిలోమీటర్లు వెనుకకు ప్రయాణము చేసి మా గుమ్మము చేరినవి. మూడు ఎక్కింపులు, మూడు దింపుళ్ళు. పదునెనిమిదింటిలో ఏడు బండలు విరిగినవి.

లారీవారు మా ఊరిలో ఆపి నా టన్ను సరకు దింపిపోలేదని నేను అనను. ప్రతి ఊరిలోను ఆగి, పైనున్న సరకంతయు తీసి, అడుగునున్నది దింపవలెనన్నచో వారికి గిట్టదు. అన్నిటిని ఒక పెద్ద గిడ్డంగిలో చేర్చి, ఊరివారీగా విడదీసి పంపుటయే చవుక. ఆ చవుకతనము నాకును కావలసినదే గదా.

చిక్కంతయు మరొక చోట ఉన్నది. కడప బండను ఎన్నడును పరుండబెట్టి పంపరాదు. అంచుమీద నిలువుగా నిలిపి, కొద్దిగా వాల్చి ఆనించి, నడుమ గడ్డి పెట్టి, కదలకుండ చెక్కలు బిగించవలెను. పరుండబెట్టిన బండ క్రింద చిన్న ఎత్తుపల్లమున్నను, పైన బరువు పడినను, లారీ ఒక గుంతలో దిగినంతనే నడుమకు విరుగును. బండలు ఎక్కించుటలో ఆరితేరిన ఎఱ్ఱగుంట్ల కూలీలకు ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. పూర్తి లారీ అయినచో వారు పేర్చిన పేర్పు కొన్నవాని ఇంటివరకు కదలదు. చిల్లర సరకు లారీలో ఆ పేర్పు మొదటి గిడ్డంగిలోనే చెదరిపోవును. అక్కడి కూలీలు ఒకే రాత్రి సబ్బుల పెట్టెలు, పంకాలు, గొట్టములు, మందుల డబ్బాలు మోయుదురు. రాతి మర్మము వారికెట్లు తెలియును? నా బండలను చక్కగా ఒకదానిపై నొకటి పరుండబెట్టి, వానిపై నీటి మోటార్లు పెట్టినారు. వ్యాను డ్రైవరు చెప్పగా తెలిసినది.

పేర్పు చెదరకుండ సరకుతో కూడ ప్రయాణము చేయుటకే పాలెట్టు అను చెక్కపీట ఏర్పడినది. క్రింద ఇనుప కొమ్ములు దూరుటకు సందులుండును. దానిపై చట్రము కట్టి, బండలను నిలువుగా నిలిపి, పట్టీలతో బిగించినచో, ఎన్ని చేతులు మారినను అది ఒకే మూటగా ఎక్కును, ఒకే మూటగా దిగును. రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా సేనలు వీనిని విస్తారముగా వాడినవి. యుద్ధానంతరము ఆస్ట్రేలియాలో వారు విడిచిపోయిన పీటలతోనే అక్కడ పీటలను అద్దెకిచ్చు పద్ధతి మొదలైనది. ఐరోపాలో 1961లో రైల్వేలు కలిసి 80 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవు అని ఒకే కొలత నిర్ణయించుకొని, సరకుతో వచ్చిన పీటకు బదులు ఖాళీ పీట ఇచ్చి పుచ్చుకొను ఏర్పాటు చేసికొన్నవి. మనకును ఇది క్రొత్త కాదు. గోలీసోడా సీసాకు ధరావతు కట్టి, సీసా తిరిగి ఇచ్చి డబ్బు తీసికొన్నవారమే. పీటకును అట్లే ధరావతు పెట్టినచో ఖర్చు అధికమను మాట ఉండదు.

మన ఊళ్ళలో దానిని ఎత్తు యంత్రమేదీ అని లారీ ఆఫీసువారు అడుగుదురు. పెద్ద యంత్రము అక్కరలేదు. చేతితో పంపుకొట్టి రెండు టన్నుల పీటను నేలనుండి లేపి లాగుకొనిపోవు తోపుడుబండ్లు దొరకుచున్నవి. అవి పనిచేయుటకు లారీ తొట్టి ఎత్తున ఒక అరుగు మాత్రము కావలెను. రైల్వే గూడ్సుషెడ్లలో అట్టి అరుగులుండెడివి. 1856లో రాయపురము నుండి వాలాజా వరకు వేసిన మొదటి రైలుదారి తిరువళ్ళూరు మీదుగా పోయినదే. రైల్వేవారు చిల్లర సరకును వదలుకొని పూర్తి రైలు బరువులకే మొగ్గు చూపిన తరువాత ఆ సదుపాయము సామాన్యునకు లేకుండ పోయినది. లారీ ఆఫీసులవారు నలుగురు కలిసి తిరువళ్ళూరులో ఒకటి, తిరుత్తణిలో ఒకటి అరుగు కట్టించుకొనరాదా? మా వీధి వంటి ఇరుకు సందులలోనికి పీట రాదు, నిజమే. అరుగు మీద విప్పి రెండేసి బండలు తెచ్చుకొందుము. అవి ఎట్లు నిలిచి ఉన్నవో విప్పువారు కన్నులార చూతురు గనుక అట్లే నిలిపి తెత్తురు.

కూలీల నోటి కూడు పోవునను అభ్యంతరము కలదు. దానిని తేలికగా త్రోసివేయలేను. పీటకు ఇంత అని కూలి నిర్ణయించి ఆ పని వారికే అప్పగించవలెను. కాని ఏబది ఏండ్లవాడు 60 కిలోల రాయి వీపున మోయుటయే వానికి మనము చేయు ఉపకారమని వాదించుట నాకు సమ్మతము కాదు.

ఇక నష్టపరిహారము సంగతి. పాత 1865 నాటి క్యారియర్స్ చట్టము స్థానమున 2007లో క్యారేజ్ బై రోడ్ చట్టము వచ్చి, 2011 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారము సరకు పోయినను, చెడినను లారీ కంపెనీ బాధ్యత సాధారణముగా బాడుగకు పదిరెట్లు మించదు. అదియును సరకు అప్పగించునప్పుడు మనము వ్రాసియిచ్చిన విలువకు లోబడియే. అంతకు మించి కావలెనన్నచో ఎక్కువ రేటు చెల్లించుటకు ముందే ఒప్పుకొనవలెను. ఎఱ్ఱగుంట్లలో నేను కాగితము చూచి విలువ గడి ఖాళీగా ఉన్నదేమని అడిగితిని. “అదంతా అక్కరలేదు సార్, సంతకం పెట్టండి” అన్నాడు గుమాస్తా. పెట్టితిని. తప్పు నాదే. అటుపైన పరిహారమునకు ఎన్నిసార్లు తిరిగినను “వచ్చే నెల చూద్దాం సార్” అనిరి. ఏడవ నెలలో ప్లీడరుగారి వద్దకు పోగా, సరకు బుక్కు చేసిన దినమునుండి 180 రోజులలోగా వ్రాతపూర్వకముగా నోటీసు ఇవ్వనిదే దావా వేయుటకు వీలులేదని చెప్పినారు. రసీదు వెనుక నిబంధనలు ఇంగ్లీషున, ఆవగింజలంత అక్షరములలో ఉండును. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రములో చేరినది మొదలు మా యిండ్లు ఈవల, మా రాళ్ళు ఆవల. ఇట్టి చోట రసీదులు తెలుగులోను, తమిళములోను అచ్చువేయుట గొప్ప కష్టమా?

తిరువళ్ళూరులోని మా బావమరిది శ్రావణమాసమున గృహప్రవేశము పెట్టుకొని, ఇట్లే బండలు తెప్పించనున్నాడు. ఎఱ్ఱగుంట్లలోనే చెక్కపీటపై చట్రము కట్టించి, విలువ గడి నింపించి పంపింపుమని వానికి చెప్పితిని. ఆ పీటను దింపుకొనుటకు తిరువళ్ళూరు బజారు పరిసరములలో లారీ ఎత్తు అరుగు ఎవరివద్దనైన ఉన్నచో, ఈ శీర్షిక ద్వారా తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
ఒక గృహస్థుడు,
తిరుత్తణి.